వాగు వెంట ఒక కాలిబాట: అటవీశాఖాధిపతిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారిగారి సన్నిధికి,



మారేడుమిల్లి అడవులలో, రోడ్డునకు మరీ దూరము కాని చోట, పిల్లలును పెద్దవారును గంటన్నరలో నడచి తిరిగి రాగల ఒక చిన్న కాలిబాటను, ఏదో ఒక వాగు గట్టు వెంట, స్పష్టమైన గుర్తులతో ఏర్పాటు చేయింపవలసినదిగా కోరుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను. కోరిక చిన్నది. దీనిని మీ కార్యాలయమునకు అర్జీగా పంపిన చాలును గదా యని ఎవరైన అడుగవచ్చును. కాని ఈ బాటమీద నడువవలసినవారు గోదావరి డెల్టా ప్రజలు, దానిని నిలిపి కాపాడవలసినవారు ఆ కొండలలోని గిరిజనులు. ఈ రెండు వర్గములవారి చెవిని బడకుండ మీకును నాకును నడుమనే ముగిసిపోదగిన మాట కాదు గనుక, పదిమంది చదువునట్లుగా వ్రాయుచున్నాను.

మా డెల్టావారికి నీటితో పరిచయము తక్కువది కాదు. 1852 లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి మా నడకలన్నియు కాలువగట్ల మీదనే సాగినవి. బడికి పోయినను, సంతకు పోయినను, పెండ్లికి పోయినను ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క వరిచేను, నడుమ తుమ్మచెట్ల పలుచని నీడ. ఐతే కాలువనీరు మనుష్యుడు చెప్పినట్లు విను నీరు. తలుపులెత్తిన వచ్చును, దింపిన ఆగును. వేసవిలో కాలువలు కట్టివేసిననాడు అడుగున నున్న గుల్లలు సయితము కనబడును. ఏ నెలలో ఎంత మట్టమున పారవలెనో ఇంజనీరుగారి పుస్తకములో ముందే వ్రాసి యుండును. వాగు అట్టిది కాదు. దానికి యజమాని కొండమీది వాన. కిన్నెరసాని వాగును గూర్చి విశ్వనాథ సత్యనారాయణగారు కావ్యమే వ్రాసినారు, మేము దానిని బడిలో చదివినారము. కాని ఒక వాగు ప్రక్కగా కోసెడు దూరము నడచిన వారు మా ఊళ్లలో ఎందరున్నారని లెక్కించిన వ్రేళ్లమీదికి రారు. కాలువకు అలవడిన కంటితోనే వాగును చూచుట మాకు పరిపాటియైపోయినది. మా ప్రాంతపు యువకులు కొండవాగులలో దిగి ప్రాణములు పోగొట్టుకొనుటకు, ఈత రాకపోవుట కన్న, నీటిని గూర్చిన ఈ అలవాటే ముఖ్యకారణమని నా నమ్మకము.

రాజమహేంద్రవరమునుండి గోకవరము మీదుగా రంపచోడవరమునకును, అచటినుండి మారేడుమిల్లికిని దారి సుమారు 85 కిలోమీటర్లు. 2022 ఏప్రిలు 4 న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ మన్యప్రాంతము తూర్పుగోదావరిజిల్లానుండి విడిపోయినది గాని, మా మనస్సులలో అది నేటికిని మా అడవియే. సెలవుదినములకును కార్తీకమాసపు వనభోజనములకును మేము పోవు అడవియే. ఒకప్పుడు మన్యమనిన చలిజ్వరమని, అటు పోయినవాడు ఒళ్లు చెడి తిరిగివచ్చునని మా పెద్దలు భయపడెడివారు. ఆ భయము పోయినది. భయము పోయిన చోట పరిచయము కలుగవలసియుండగా వేగము వచ్చి కూర్చున్నది. తెల్లవారి కారెక్కుదుము, జలతరంగిణి జలపాతము వద్ద దిగి సెల్‌ఫోనులలో ఫొటోలు తీసికొందుము, దారిప్రక్కను బొంగులో కాల్చిన కోడిమాంసము తిని, నీళ్లసీసాలును విస్తళ్లును అక్కడనే విడిచి, దీపములు పెట్టువేళకు ఇల్లు చేరుదుము. అడవిని చూచి వచ్చితిమని నలుగురితో చెప్పుకొందుము. చూచినది రోడ్డును, రోడ్డు వారనున్న మొదటి వరుస చెట్లను మాత్రమే.

రోడ్డు దిగిన పిదప గాని అడవి ప్రారంభము కాదు. క్రిందటి శీతకాలమున కొండరెడ్డి తెగకు చెందిన ఒక యువకుని తోడు తీసికొని, ఆ ప్రాంతముననే ఒక చిన్న వాగు వెంబడి ఎగువకు నడచితిని. ఆ వాగునకు పటములలో పేరున్నదో లేదో గాని అతడు దానిని తన ఊరి పేరుతోనే పిలిచెను. పాదము మునుగునంత నీరు. అడుగున గులకరాళ్లును, ఇసుకమీద నీడలు వేయుచు తిరుగు వ్రేలెడేసి చేపలును లెక్కపెట్టగలిగినంత తేటగా నుండెను. గట్టున ఏరుమద్దులు తెల్లని మ్రానులతో నిలిచి, వేళ్లను రాతిపగుళ్లలోనికి దింపి, వాగు ఎంత కోసినను గట్టు విరుగకుండ పట్టుకొని యున్నవి. వానికి పైన వెదురుపొదలు. వెదురుపొదల నడుమ జీలుగుచెట్టు ఒకటి, గొలుసులు గొలుసులుగా వ్రేలాడు గెలలతో, కల్లుకుండ కట్టిన ఆనవాలుతో. మలుపు తిరుగుచోట తడియిసుకమీద పసుపు సీతాకోకచిలుకలు మూగి, మా అడుగుల చప్పుడునకు లేచి, మేము దాటగనే మరల అచ్చటనే వ్రాలినవి. పైకొమ్మలలో ఏదో బరువుగా దూకిన సవ్వడి యగుటయు అతడు నా మోచేయి పట్టి ఆపి, గెడ్డము పైకెత్తి చూపెను. ఎఱ్ఱని వీపును పొడవైన కుచ్చుతోకయు గల బెట్లుడుత మ్రానును కౌగిలించుకొని మమ్ములను చూచుచుండెను.

కొంత ముందుకు పోయిన పిమ్మట ఒక మద్దికొమ్మల చీలికలో, నా తలకు రెండు మూరల ఎత్తున, ఎండుగడ్డియు వెదురాకులును పాత గోనె పీలికయు ఒక్కటిగా చుట్టుకొని యుండుట చూచితిని. కొత్తవారెవరైనను దానిని పక్షిగూడనియే అనుకొందురు. వానకాలములో వాగు అంత ఎత్తున పారి, నీరు తీయగా మిగిలిన చెత్త అది. క్రింద చూచిన చీలమండ మునుగని నీరు. పైన చూచిన నిలువున్నర ఎత్తు వరద. ఆ రెండింటి నడుమ నిలుచున్నప్పుడు వాగు అనగా నేమో నాకు తెలిసినంతగా ఏ పుస్తకము చదివినప్పుడును తెలియలేదు. “ఆకులు గుంపుగా కొట్టుకొస్తే ఇంకేం చూడకూడదండి, గట్టెక్కెయ్యాలి” అని ఆ యువకుడు చెప్పెను. వానిని వాని తాత చిన్నతనమున భుజముమీద ఎత్తుకొని ఈ మాటయే చెప్పెనట.

మరికొంత దూరమున బాట రెండుగా చీలినది. చీలికలోని మద్దిచెట్టునకు ఎవరో ఎన్నడో ఒక రేకుపలక మేకులతో కొట్టిరి. చెట్టు పెరిగి, బెరడు పలక అంచులమీదికి లావుగా ఉబికి, దానిని సగము మ్రింగివేసినది. మేకులు దిగినచోటులనుండి కారిన జిగురు నల్లగా గడ్డకట్టి యున్నది. మిగిలిన సగములో తుప్పుపట్టిన బాణపుగుర్తు ఒకటి తప్ప అక్షరమొక్కటియు లేదు. ఆ బాణము చూపు దిక్కున పొదలు తప్ప దారి లేదు. నా ప్రక్కన దారి ఎరిగినవాడు ఉండబట్టి సరిపోయినది. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన గృహస్థుడు ఆ చీలికవద్ద ఏమి చేయవలెను?

2024 సెప్టెంబరు నెలలో జలతరంగిణి జలపాతమువద్ద ఆకస్మికముగా పెరిగిన ప్రవాహములో ముగ్గురు వైద్యవిద్యార్థులు కొట్టుకొనిపోయి మరణించిన సంగతి మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. ఇక్కడ కాళ్లయొద్ద ఎండ కాయుచుండగనే ఎగువ కొండమీద కుండపోతగా వాన కురియుచుండవచ్చును. తూర్పుకనుమల వాలు నిటారైనది. పైమట్టి పలుచన, క్రింద రాయి. భాద్రపదమునాటికి నానిన నేల ఇక చుక్క నీటినైన పీల్చుకొనదు. ఎగువన ఎన్నో పాయలుగా పడిన నీరంతయు దిగువన ఇరుకైన ఒక్క రాతిచాలులోనికి వచ్చి చేరును. మొదట నీటిరంగు మారును, తేటనీరు టీనీరువలె ఎఱ్ఱబారును, పిమ్మట ఆకులును పుల్లలును నురుగును వచ్చును, చప్పుడు మారును, ఆ తరువాత మిగులు వ్యవధి మిక్కిలి స్వల్పము. ఈత నేర్చినవానికిని అక్కడ ఈత అక్కరకు రాదు, ఏలయనగా మోకాలిలోతు వడినీరే మనుష్యుని పడద్రోయగలదు, పాచిపట్టిన బండ చేతికి పట్టునీయదు. ఈ నాలుగు సంగతులు తెలిసియుండిన ఎందరు బ్రతికి బయటపడుదురో! వానిని చెప్పుటకు “ప్రమాదము, లోనికి దిగరాదు” అని వ్రాసిన బోర్డు చాలదు. అట్టి బోర్డులను మేము ప్రతి రైలుగేటువద్దను, ప్రతి ట్రాన్స్‌ఫార్మరువద్దను చూచి చూచి, చదువుట మానుకొంటిమి. వాగు వెంట నడిపించి, చెత్త చిక్కుకొనిన కొమ్మను చూపి, వరదమట్టము ఇదియని బండమీద గీత గీచి చెప్పిన మాట మాత్రము మనస్సులో నిలుచును.

గుర్తులు పెట్టిన కాలిబాట మన దేశమునకు వింతగా తోచవచ్చును గాని లోకమునకు కొత్త కాదు. ఫ్రాన్సులో పారిస్ నగర సమీపమునగల ఫాంటెన్‌బ్లో అడవిలో నెపోలియను సైన్యమున పనిచేసి విరమించిన దెనెకూర్ అను వృద్ధసైనికుడు 1842 నుండి, నగరవాసులు దారి తప్పకుండ నడచుటకై బాటలు తీర్చి, రాళ్లమీదను చెట్లమీదను నీలిరంగు బాణములు వేసికొనుచు పోయెను. అమెరికాలో జార్జియానుండి మెయిన్ వరకు సుమారు 3,500 కిలోమీటర్లు సాగు అపలేచియన్ బాట 1937 లో పూర్తియైనది. ఆ పొడవునను బాటసారికి ఆధారము చెట్టుమీద రెండంగుళముల వెడల్పు, ఆరంగుళముల నిడివి గల తెల్లని పట్టె మాత్రమే, ఆ పట్టెలను ఏటేట సరిచూచి వేయువారిలో అధికసంఖ్యాకులు జీతము పుచ్చుకొనని స్వచ్ఛందసేవకులు. మా కోనసీమ బిడ్డలు వేలాదిమంది ఆ దేశమున ఉద్యోగములు చేయుచు, శని ఆదివారములలో భార్యాబిడ్డలతో ఇట్టి బాటలమీద నడచుచున్నారు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, మన అడవిలో నడువదగిన దారి ఏదియని వారు అడిగిన, చెప్పుటకు మావద్ద సమాధానము ఉండవలెనని నా ఆశ.

కావున నేను కోరునది తోరణములు గాని, సిమెంటుమెట్లు గాని, ఊయలలు గాని, సిమెంటుతో పోసిన పులిబొమ్మలు గాని కాదు. వీనిలో ఏ ఒక్కటి వచ్చినను వాగు వెంట నడక ముగిసి పార్కు మొదలగును. మనిషి వెడల్పున తుప్పలు కొట్టిన దారి చాలును. గుర్తులు రంగుతో వేయవలెను, మేకు అనునది చెట్టులో దిగరాదు. నిలిచిన తావునుండి చూచిన తరువాతి గుర్తు కంటికి ఆనవలెను; చీలికవద్ద రెండు గుర్తులు ఒకదానిమీద ఒకటి ఉండవలెను, వానిని చూచినవాడు ఆగి చూచుకొని కదలును. వాగు దాటుచోట ఇరుగట్టుల బండలమీదను వానకాలపు నీటిమట్టము ఎఱ్ఱగీతగా గీయింపవలెను; నీరు ఏ రాతిని తాకినప్పుడు దాటరాదో ఆ రాతికి వేరుగా రంగు వేయవలెను. ఎగువన వాన యున్నదని తెలిసిననాడు బాట మూసివేయు అధికారము రోడ్డువద్ద కాపలా ఉండు స్థానికునికే ఈయవలెను. అతడు వాగుయొద్దకు పోయి నీటిరంగు చూచి చెప్పగల మాటను పట్టణములోని ఆఫీసు చెప్పలేదు. దివాన్‌చెరువులోని మీ అటవీ అకాడమీలో శిక్షణ పొందు యువతీయువకులకు ఈ బాట వేయుట ఒక అభ్యాసముగా పెట్టిన, వ్యయమును తక్కువ, వారికి విద్యయు కలుగును.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన సంగతి చెప్పవలసియున్నది. ఆ అడవిలో దారులు కొత్తగా కనిపెట్టవలసినవి కావు. అవి తరతరములుగా కొండరెడ్లును కోయలును నడచిన దారులే; ఊటకు ఒకటి, పోడుచేనికి ఒకటి, సంతకు ఒకటి, జీలుగుచెట్టునకు ఒకటి. ఆస్ట్రియా దేశీయుడైన హైమెండార్ఫ్ పాపికొండల రెడ్లనడుమ నివసించి 1945 లో వారినిగూర్చి ఒక ఉద్గ్రంథమే ప్రకటించెను గాని, వారికి కూతవేటు దూరమున కాపురమున్న మేము వారి చెట్ల పేర్లయినను నేర్చుకొనలేదు. వారి మాతృభాష తెలుగే గదా! మా నోట అణగారిపోయిన ఎన్ని మొక్కల పేర్లు, పిట్టల పేర్లు, రాళ్ల పేర్లు వారి నాలుకలమీద నేటికిని సజీవముగా ఉన్నవో! బాటప్రక్కను ఏ పలక పెట్టినను ముందు ఆ పేరే వ్రాయింపుడు. వృక్షశాస్త్రపు పేరు దాని క్రింద చిన్న అక్షరములలో ఉండుగాక.

మన్యములో దారులు వేయుటకు సంబంధించి మరువరాని చరిత్ర ఒకటి కలదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పిమ్మట పోడుమీదను అటవీఫలసాయముమీదను ఆంక్షలు బిగిసినవి; గూడెము కొండలలో రోడ్లు వేయించుటకై గిరిజనులచేత కూలి సరిగా ఈయక వెట్టి చేయించుట, 1922 లో అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున చెలరేగిన పోరాటమునకు గల కారణములలో ఒకటి. అందుచేత ఈ అడవిలో గజము దారి తీయవలసివచ్చినను గ్రామసభ అనుమతి ముందు, పార పిమ్మట. షెడ్యూలు ప్రాంతములకు 1996 లో వచ్చిన పంచాయతీ చట్టమును, 2006 నాటి అటవీహక్కుల చట్టమును చెప్పునది ఇదియే. తమ ఊటను, తమ దేవతాస్థలమును బయటివారు త్రొక్కరాదని ఊరివారు చెప్పిన, బాట వేరొక వైపునకు తిరుగవలెనే గాని వారి మాట ప్రక్కకు తొలగరాదు. మారేడుమిల్లి ప్రాంతమున వనసంరక్షణ సమితుల ద్వారా స్థానికులే నడుపు విడిదులు మీ శాఖ ప్రోత్సాహమున ఇదివరకే ఏర్పడినవి. కావున ఇది మీకు తెలియని పద్ధతి కాదు. దారి చూపువానికి యాత్రికుడిచ్చు చిల్లర కాక, సమితి నిర్ణయించిన కూలి చేతికందవలెను. ఏరిన ప్లాస్టిక్‌ను మోసికొనివచ్చు పని వారిది కాదు, పారవేసిన మాది. సంచి ఇచ్చి లోనికి పంపి, తిరిగి వచ్చునప్పుడు లెక్క అడుగుడు.

అడవిలో మనుష్యులు ఎక్కువైన మృగములకు ఇబ్బంది కాదా యని మీ శాఖలోనే కొందరికి సందేహము కలుగవచ్చును; ఆ సందేహము గౌరవింపదగినది. 2008 లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన పాపికొండల అభయారణ్యము వేయి చదరపు కిలోమీటర్లకు మించినది. దాని లోపలికి మాకు దారి ఈయవద్దు. మేము ఇప్పటికే గుమిగూడుచున్న రోడ్డు చేరువలోనే, ఇప్పటికే మా కాళ్లక్రింద నలిగిన వాగులలోనే ఒకదాని వెంట, మూడు కిలోమీటర్లకు మించని బాట ఒక్కటి చాలును. దారి తెలియనివారు గుంపులుగా చెదరి పది చోట్ల త్రొక్కుటకంటె, గుర్తులున్న దారి వెంట ఒక్క చోట నడచుట అడవికి క్షేమము.

డెల్టాలోని ఉపాధ్యాయులకును ఒక మాట. పిల్లలను విహారయాత్ర పేరిట జలపాతములకు గొనిపోయి, స్నానములు చేయించి తీసికొనివచ్చుట ఆపుడు. ఆ దినము ఒక వాగును మొదటినుండి చివరిదాక చూపుడు: నీరు ఎక్కడ ఊరుచున్నది, ఎక్కడ ఇంకుచున్నది, ఏ చెట్టు గట్టును పట్టుకొని యున్నది, చెత్త ఏ కొమ్మకు చిక్కుకొన్నది. తమ ఊరి కాలువలో పారు నీటికి కొండలలో ఇట్టి వాగులు కూడ తోబుట్టువులని ఒక్కసారి కాళ్లతో తెలిసికొన్న పిల్లవాడు, పెద్దవాడై ఏ కొలువు చేసినను, అడవిని నరికివేయు కాగితముమీద తొందరపడి సంతకము చేయడని నేను నమ్ముదును.

అయ్యా, కార్తీకమాసమునాటికి వానలు వెనుకబట్టును. వాగులలో నీరు ఇంకను తగ్గియుండదు, తేటబడి మాత్రముండును. డెల్టా జనమంతయు ఉసిరిచెట్ల నీడలు వెదకికొనుచు వనభోజనములకు బయలుదేరును. వాగు వెంట నడచుటకు సంవత్సరమునందు అంతకన్న తగిన కాలము లేదు. రాబోవు కార్తీకమునాటికి గ్రామసభ ఒప్పుకొనిన ఒక్క వాగును ఎంపిక చేయించి, గుర్తులు వేయించి, బాట చూపుటకు ఆ ఊరి యువతీయువకులను నియమించి, మాకు తెరువవలసినదిగా ప్రార్థించుచున్నాను. గుర్తులకు రంగు కలుపుటకును, దారిలోని చెత్త ఏరుటకును మా ఊళ్లనుండి మనుష్యులు కావలసినచో కబురు పంపుడు, వచ్చెదము.

ఇట్లు,
గోదావరి డెల్టా వాస్తవ్యుడు, మీ విధేయుడు